అమెరికా వాళ్ల ఇడియమ్స్‌తో మీటింగ్‌లో పరువు పోతోంది, ఎవరైనా దారి చెప్పండబ్బా

కోవూరు కుర్రోడు

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మాది నెల్లూరు పక్కన కోవూరు. చెన్నైలో రెండేళ్లు ఉద్యోగం చేసి ఇప్పుడు ఇంటి దగ్గరనుంచే ఒక అమెరికా కంపెనీ ప్రాజెక్టు చేస్తున్నా. రాత్రి ఎనిమిదిన్నరకు మీటింగ్. మిద్దె మీద గదిలో తలుపేసుకుని కూర్చుంటా. కోడు గురించి అయితే వాళ్లు ఒకటి అడిగితే నేను రెండు చెప్తా, అక్కడ భయం లేదు. తంటా అంతా మామూలు మాటల దగ్గరే. వాళ్లు అనే ప్రతి మాటా నాకు విడిగా తెలుసు, ఆరో తరగతి పిల్లాడికి కూడా తెలిసే మాటలే, కానీ కలిపి ఒక వాక్యంగా అనేసరికి ఏం చెప్పారో అర్థం కాదు.

మొన్న జరిగింది చెప్తా. రెండు వారాలు కష్టపడి ఒక మార్పు గురించి మీటింగ్‌లో చెప్పా. మా మేనేజర్ అంతా విని 'లెట్స్ టేబుల్ దిస్' అన్నాడు. మన ఇంగ్లీషు పేపర్లలో అసెంబ్లీలో బిల్లు పెట్టారంటే టేబుల్డ్ అనే కదా రాస్తారు, అంటే నాది చర్చకు తీసుకున్నట్టే అనుకుని లోపల ఎగిరి గంతేశా. ఆ రాత్రి రెండింటిదాకా కూర్చుని ఇరవై స్లయిడ్లు చేశా. మా అమ్మ రెండుసార్లు మిద్దె ఎక్కొచ్చి 'ఇంకా పడుకోలేదా నువ్వు' అని తిట్టిపోయింది. మర్నాడు స్క్రీన్ షేర్ చేసి గొంతు సవరించుకుని మొదలుపెట్టానా, అవతల చడీ చప్పుడు లేదు. కాసేపటికి ఆయన 'ఐ థాట్ వుయ్ టేబుల్డ్ దిస్' అన్నాడు. నేను మహా హుషారుగా 'యెస్, దట్స్ వై' అన్నా. ఎవరో మ్యూట్ తీసి నవ్వి మళ్లీ మ్యూట్ పెట్టుకున్నారు. తర్వాత మా టీమ్‌లో ఉన్న తమిళ అబ్బాయి విడిగా మెసేజ్ పెట్టాడు, టేబుల్ చేయడమంటే పక్కన పడేయడమట.

ఇంకోసారి 'జస్ట్ గివ్ మీ ఎ బాల్‌పార్క్' అంటే, లెక్కేసి లెక్కేసి నలభై మూడు గంటల ముప్పై నిమిషాలు పడుతుందని చెప్పా. ఆ ముప్పై నిమిషాలు ఎందుకు చెప్పానా అని ఇప్పటికీ సిగ్గేస్తుంది.

డిగ్రీ చదివేటప్పుడు ట్రంకు రోడ్డులో ఒక ఇడియమ్స్ పుస్తకం కొని మూడొందలు బట్టీ పట్టా. 'కిక్ ది బకెట్' అంటే చనిపోవడం, 'పీస్ ఆఫ్ కేక్' అంటే తేలిక పని, అన్నీ నోటికొచ్చు. ఆరు నెలల్లో వాటిలో ఒక్కటీ ఎవరి నోటా వినలేదు. తుఫాను వచ్చిన రోజు ఆగలేక నేనే 'ఇట్స్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్ హియర్' అన్నా. ఒకావిడ 'మా అమ్మమ్మ అలా అనేది' అంది. మెచ్చుకుందో ఎగతాళి చేసిందో ఇప్పటికీ తెలీదు.

నా ప్రశ్న ఏంటంటే, నిజంగా వాడే వాటిని ఎలా గుర్తుపట్టాలి? తెలుగులో వాటికి సరిపోయేవి ఉంటే చెప్పండి, అలా అయితే నాకు బుర్రకెక్కుతుంది.

పులుసు ముక్క

ఒరే అబ్బయ్యా, 'సారీ, అంటే ఏంది' అని ఒక్క ముక్క అడిగుంటే ఇరవై స్లయిడ్లు మిగిలేవి గదరా! అడగడానికి మొహమాటం, చెయ్యడానికి మాత్రం తెల్లార్లూ ఓపిక. నెల్లూరోళ్లం మనం ఇంతే.

నా కథ నీకు తిరగేసింది. మా టీమ్ లీడ్ కథలు చెప్తుంటే వేడెక్కి 'డోన్ట్ పుట్ ఫ్లవర్ ఇన్ మై ఇయర్' అన్నా. చెవిలో పువ్వు పెట్టొద్దని నా ఉద్దేశం. అవతలిది బెంగళూరు మనిషి, కన్నడంలో కూడా చెవి మీద పువ్వు సామెత ఉందట, టక్కున అర్థమైపోయి ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. అదే మాట నీ మేనేజర్‌తో అనుంటే పూలు పంపించేవాడు.

ఒంగోలు మాస్టారు

నాయనా, ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి, కాబట్టి కొంచెం పాఠం చెప్పినట్టే ఉంటుంది, ఏమనుకోకు.

ముందు నీ తప్పు నీది కాదు. 'టేబుల్' అంటే బ్రిటన్‌లో చర్చకు పెట్టడం, మనం వాళ్ల దగ్గర నేర్చుకున్నాం కాబట్టి మనకూ అదే. అమెరికాలో సరిగ్గా తలకిందులు, వాయిదా వేయడం. ఇది నీ ఒక్కడికే జరిగిన అవమానం అనుకుంటున్నావేమో, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ అధికారులు, అమెరికన్ అధికారులు ఒక కాగితం విషయంలో ఇదే మాట దగ్గర పెద్ద వాదన పెట్టుకున్నారని చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో రాశాడు. వీళ్లేమో వెంటనే టేబుల్ చెయ్యాలంటారు, వాళ్లేమో వీల్లేదంటారు. తీరా చూస్తే రెండు పక్షాలదీ ఒకటే కోరిక, వెంటనే మాట్లాడాలని. వాళ్లకే తప్పలేదు, నీ ఇరవై స్లయిడ్లు ఎంత.

తెలుగు అడిగావు కాబట్టి చెప్తా. కొన్నింటికి తెలుగు వెతుక్కోనక్కర్లేదు, మాటకు మాట అదే. పెనం మీదనుంచి పొయ్యిలో పడటం, ఒక దెబ్బకు రెండు పిట్టలు, మొసలి కన్నీరు, పిల్లి మెడలో గంట. వీటి మీద టైము పెట్టకు. కొన్ని పాత కథల్లోంచి రెండు చోట్లకూ చేరాయి, టీ కప్పులో తుఫాను లాంటివి మన పత్రికలవాళ్లు ఇంగ్లీషులోంచి దింపుకున్నారు.

అసలు రుచి ఉన్నవి వేరే ఉన్నాయి. భావం ఒకటే, బొమ్మ మాత్రం వాళ్ల ఊరిది వాళ్లది, మన ఊరిది మనది. నువ్వు చెప్పిన 'పీస్ ఆఫ్ కేక్' ఉంది కదా, మనకది నల్లేరు మీద బండి నడక. మా క్లాసులో ఇది చెప్తే సగం మందికి నల్లేరు అంటే తెలియదు, కేకు తెలుసు! కంచె పక్కన పాకే తీగ, మెత్తగా, కణుపులు కణుపులుగా ఉంటుంది, పచ్చడి కూడా చేస్తారు. బండి చక్రం కింద అదొక అడ్డే కాదు. 'బీట్ అరౌండ్ ది బుష్' అనేది చూడు, వేటగాళ్ల పొదల చుట్టూ కొట్టుకుంటూ తిరగడం. మన డొంకతిరుగుడు కూడా పొదల దగ్గరదే, సూటి దారి వదిలి డొంకలో పడి చుట్టు తిరిగి రావడం. రెండు దేశాలవాళ్లకీ విషయం చెప్పకుండా నాన్చేవాణ్ణి చూస్తే తుప్పలే గుర్తొచ్చాయంటే నాకు భలే ముచ్చట. 'లివింగ్ హ్యాండ్ టు మౌత్' అంటే చెయ్యి నోటికి పోవడం దగ్గర ఆగిపోయింది, మనవాళ్లు రెక్కాడితే గానీ డొక్కాడదు అని కడుపుదాకా వెళ్లారు. 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అని వాళ్లంటే మనం అమాసకో పున్నానికో అంటాం. మనది నెలకు రెండుసార్లు వచ్చేదే, ఒకే ఇంగ్లీషు నెలలో రెండో పౌర్ణమి రావడాన్ని కదా ఇప్పుడు వాళ్లు బ్లూ మూన్ అంటున్నది, అది దాదాపు రెండున్నర ఏళ్లకోసారి. కాబట్టి ఏడాదికోసారి కూడా ఫోన్ చేయని అల్లుడికి బ్లూ మూనే సరైంది. 'సిట్టింగ్ ఆన్ ది ఫెన్స్' గోడ మీద పిల్లి, దాని గురించి చెప్పేదేముంది, ఎన్నికలప్పుడు మా వీధిలోనే చూస్తుంటాం.

జాగ్రత్త పడాల్సినవి ఇవి కావు. మన మాటలాగే కనిపించి వేరే అర్థం ఇచ్చేవి. 'పుల్లింగ్ యువర్ లెగ్' అంటే వాళ్లకు సరదాగా ఆటపట్టించడం. మనకు కాళ్లు పట్టి లాగడం అంటే పైకొచ్చేవాణ్ణి కిందకు దించడం. నీ మేనేజర్ 'ఐ వజ్ ఓన్లీ పుల్లింగ్ యువర్ లెగ్' అన్నాడనుకో, నా ఉద్యోగానికి ఎసరు పెడుతున్నానని మొహం మీదే చెప్పాడేంట్రా అని నువ్వు బెంగ పెట్టుకోకూడదు. 'హెడ్ ఓవర్ హీల్స్' అంటే ప్రేమలో మునిగిపోవడం, మనకు తలకిందులవడం అంటే పని చెడటం. 'కోల్డ్ ఫీట్' అంటే తీరా పని ముందుకొచ్చాక, పీటల మీద కూర్చోబోయే ముందు పెళ్లికొడుక్కి వచ్చే జంకు లాంటిది. మన ఇళ్లలో కాళ్లు చల్లబడ్డాయంటే చుట్టాలందరికీ ఫోన్లు వెళ్లిపోతాయి! 'ద బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్' అన్నప్పుడు ఆ కోర్టు టెన్నిస్ కోర్టు, మన జిల్లా కోర్టు కాదు. ఇక నిర్ణయం నీదే అని. పొలం గట్టు దావాల్లో పెరిగినవాళ్లం, కోర్టు అనగానే వకీలు ఫీజు గుర్తొస్తుంది.

ఒక్కటి చెప్పి ఆపేస్తా. ఒకసారి పరీక్షలో 'ఎ బుల్ ఇన్ ఎ చైనా షాప్' అర్థం రాయమన్నాను. అక్కడ చైనా అంటే పింగాణీ, పింగాణీ సామాన్ల కొట్లో దూరిన ఎద్దు, అంటే నాజూకైన చోట మొరటుగా ప్రవర్తించేవాడు. ఒక పిల్లవాడు రాశాడు కదా, 'మన ఒంగోలు గిత్త పూర్వం బ్రెజిల్ పోయినట్టే తర్వాత చైనాకు కూడా అమ్ముడుపోయింది' అని. మార్కు ఇవ్వకూడదు, కానీ అర మార్కు ఇచ్చా. బ్రెజిల్ సంగతి వాడికి తెలిసినందుకు. అన్నట్టు మన ఒంగోలు జాతిని అక్కడ నెలోర్ అంటారు, మీ నెల్లూరు పేరే. మా ఎద్దు, పేరు మీది.

కోవూరు కుర్రోడు

మాస్టారూ, చర్చిల్ పక్కన నన్ను కూర్చోబెట్టారు, ఈ స్క్రీన్‌షాట్ అమ్మకు చూపిస్తా. ఎద్దు విషయంలో మాత్రం పేరు మాదే కాబట్టి ఎద్దూ మాదే.

డొంకతిరుగుడు నిజంగా బుర్రకెక్కింది. ఇక మర్చిపోను.

కావలి అమ్మాయి, డల్లాస్

తమ్ముడూ, మాది కావలి, ఇక్కడికొచ్చి పదకొండేళ్లు. మాస్టారు చెప్పినవన్నీ నిజమే, కానీ ఆఫీసులో నీకు రోజూ తగిలేవి వేరు. అమెరికా ఆఫీసు భాషలో చాలా భాగం బేస్‌బాల్. ఆ ఆట మనకు తెలియదు, అందుకే ఆ మాటలు ఎక్కవు. మనకు క్రికెట్ ఎలాగో వాళ్లకు అదలాగ.

నాకు మొదటి దెబ్బ 'రెయిన్ చెక్'. వచ్చిన కొత్తలో ఆఫీసులో ఒకావిణ్ణి శనివారం భోజనానికి పిలిచా. ఆవిడ 'కెన్ ఐ టేక్ ఎ రెయిన్ చెక్' అంది. నేను వెంటనే ఫోన్ తీసి వాతావరణం చూసి 'శనివారం ఫుల్లు ఎండ, వాన లేదు, తప్పకుండా రా' అన్నా. పాపం ఆవిడ మొహం చూడాలి. విషయం ఏంటంటే, బేస్‌బాల్ ఆట వానకు ఆగిపోతే ఇంకో రోజు వచ్చి చూడొచ్చని ఒక చీటీ ఇచ్చేవాళ్లు, 1880ల నాటి అలవాటు. అందుకని రెయిన్ చెక్ అంటే ఈసారికి వదిలెయ్, ఇంకోసారి చూద్దాం అని మర్యాదగా తప్పుకోవడం. ఆవిడ ఎండైనా వానైనా రానంటోంది, నేను గొడుగు అవసరం లేదని నచ్చచెప్తున్నా. చివరికి మొహమాటానికి వచ్చింది లే, గోంగూర కూడా తినింది.

నీ 'బాల్‌పార్క్' కూడా అక్కడిదే, ఆట మైదానం. సుమారుగా ఎంతో చెప్పు చాలు అని. మన 'అటూ ఇటూగా' అనే మాట. అటూ ఇటూగా ఎంతవుతుంది అని అడిగితే ఏ మేస్త్రీ అయినా ముప్పై నిమిషాలు కలిపి చెప్తాడా? నలభై, యాభై గంటలు అంటే సరిపోయేది. 'టచ్ బేస్' అంటే ఒకసారి పలకరించుకుందాం, ఎక్కడిదాకా వచ్చిందో మాట్లాడుకుందాం అని. దీనికి స్లయిడ్లు చెయ్యకు! 'రైట్ ఆఫ్ ద బ్యాట్' అంటే రాగానే, మొదట్లోనే. 'త్రో ఎ కర్వ్‌బాల్' అంటే ఎదురుచూడని ఇబ్బంది తెచ్చిపెట్టడం, స్పిన్ తిరిగిందనుకో.

ఇవి కాక ఆటకు సంబంధం లేనివి రెండు మూడు గట్టిగా గుర్తుపెట్టుకో. 'లో హ్యాంగింగ్ ఫ్రూట్' చేతికందే కాయ, ముందు తేలికైన పనులు కానిచ్చేద్దాం అని. 'ది ఎలిఫెంట్ ఇన్ ద రూమ్' అంటే అందరికీ తెలిసి ఎవరూ నోరు మెదపని పెద్ద సమస్య, చిన్నాయన తాగుడు గురించి పండగ రోజు ఎవరూ మాట్లాడనట్టు. 'త్రో సమ్‌వన్ అండర్ ద బస్' విన్నావా, అప్పుడు మాత్రం చెవులు రిక్కించు. తను తప్పించుకోవడానికి పక్కవాణ్ణి ఇరికించడం. మనం బలిపశువును చేశారంటాం కదా, దాదాపు అదే, ఇక్కడ చేసేది నీతో రోజూ టీ తాగేవాడే అయ్యుంటాడు.

తిరగేసి కూడా జాగ్రత్త. మన నోట్లో క్రికెట్ మాటలు వాటంతట అవే వచ్చేస్తాయి. ఒకసారి 'ద క్లయింట్ హిట్ అస్ ఫర్ సిక్స్' అన్నా. మా మేనేజర్ సీరియస్‌గా 'సిక్స్ వాట్?' అని పెన్ను తీశాడు, ఆరు లక్షల డాలర్లు నష్టమేమో అని. లండన్‌లో అయితే ఇది చెల్లుతుంది. 'స్టికీ వికెట్' కూడా అంతే. పిచ్ మీద కవర్లు కప్పని రోజుల్లో వానకు తడిసి ఆరుతున్న పిచ్ మీద బంతి ఎటు లేస్తుందో తెలిసేది కాదు, అలాంటి ఇరకాటం అని. అమెరికా వాళ్లకు వికెట్ అంటేనే తెలియదు.

ఒక చివరి ముక్క. మా టెక్సాస్ వైపు ఎవరైనా తియ్యగా 'బ్లెస్ యువర్ హార్ట్' అంటే అన్నిసార్లూ దీవెన కాదు. చాలాసార్లు 'పాపం, ఇంతే దీని తెలివి' అని. నేను మొదటి ఏడాదంతా థ్యాంక్యూ చెప్పుకుంటూ తిరిగా.

నీ అమ్మమ్మ మాట గురించి: ఎగతాళి కాదు, కానీ అది పాత మాటే. మన దగ్గర ఎవరైనా కుర్రాడు వచ్చి 'కుంభవృష్టి కురియుచున్నది' అంటే ఎలా ఉంటుందో అలా ఉండుంటుంది.

చీమకుర్తి నల్ల రాయి

మాది గ్రానైట్ ఎగుమతి ఆఫీసు, మెయిళ్లు చూసేది నేను. చీమకుర్తి గెలాక్సీ అంటే మీకు తెలిసిందే, నల్ల రాతిలో బంగారు చుక్కలు. ఇంత రాయి ఇక్కడ పెట్టుకున్న మాకు ఇంగ్లండు నుంచి ఒక ఏజెంటు తన దగ్గర ఏదో బూడిద రంగు రాయి ఉంది కొంటారా అని మెయిల్ పెట్టాడు. మొదట్లోనే 'ఐ నో దిస్ ఈజ్ కోల్స్ టు న్యూకాసిల్, బట్' అని రాశాడు. మా ఓనరు చదివి కంగారు పడిపోయారు. 'వీడు రాయి పేరు చెప్పి బొగ్గు పంపిస్తున్నాడయ్యా, కస్టమ్స్‌లో ఇరుక్కుంటాం, మాకు బొగ్గు వద్దని వెంటనే రాయి' అన్నారు. నేనూ అప్పుడు కొత్త, 'వుయ్ డు నాట్ రిక్వైర్ ఎనీ కోల్' అని పంపించేశా. అవతలనుంచి మూడు రోజులు జవాబు లేదు.

తర్వాత తెలిసింది. న్యూకాసిల్ ఇంగ్లండులో టైన్ నది మీద ఊరు, వందల ఏళ్లు అక్కడి బొగ్గే ఓడల్లో లండన్‌కు పోయేది. బొగ్గు పుట్టిన చోటికి బొగ్గు మోసుకెళ్లడం, అంటే అనవసరపు పని అని. తనే ముందు ఒప్పుకున్నాడు పాపం, రాళ్ల ఊరికి రాళ్లు అమ్ముతున్నానని. ఆ లెక్కన మనం చీమకుర్తికి రాళ్లు, నెల్లూరికి బియ్యం, మైపాడుకు చేపలు అనుకోవచ్చు. ఇంట్లో నేను వాడుతున్నా. మా ఆవిడ నెల్లూరు, పుట్టింటికి వెళ్తూ బియ్యం మూట కారెక్కిస్తుంటే 'న్యూకాసిల్‌కా' అంటా, నా వైపు ఒక చూపు చూస్తుంది.

మాస్టారూ, ఒక డౌటు. 'రెడ్ హెర్రింగ్' అంటే దారి మళ్లించే విషయం అని తెలుసు. ఉప్పేసి పొగబెట్టిన చేప, ఎర్రబడి ఘాటు వాసన వస్తుందట. మా అమ్మమ్మగారిది కొత్తపట్నం, ఎండు చేపల వాసన ఎంత దూరం కొడుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వేటకుక్కలను తప్పుదారి పట్టించడానికి ఈ చేపను నేల మీద ఈడ్చేవాళ్లని చదివా, నిజమేనా?

దర్శి దివిటీ

క్యాట్స్ అండ్ డాగ్స్ కథ నాకు తెలుసు, చెప్తా. పూర్వం ఇంగ్లండులో గడ్డి కప్పుల ఇళ్లు, వెచ్చగా ఉంటుందని కుక్కలు పిల్లులు కప్పులో పడుకునేవి, పెద్ద వాన వస్తే జారి కింద పడేవి. అందుకని ఆ మాట. వాట్సాప్‌లో వచ్చింది, సూపర్ ఉంది కదా.

పులుసు ముక్క

మా తాతది తాటాకు ఇల్లు. పిల్లి కప్పు మీద తిరిగేది నిజమే. కుక్క ఎట్టెక్కుద్దయ్యా? నిచ్చెనేసుకునా?

ఒంగోలు మాస్టారు

పులుసు ముక్క గారూ, నిచ్చెన ప్రశ్నతో సగం పని మీరే చేసేశారు. ఆ గడ్డి కప్పు కథ 1999 ప్రాంతంలో ఈమెయిళ్లలో తిరిగిన కల్పిత కథల గుత్తిలోది, ఇప్పుడు వాట్సాప్‌కు చేరింది. గడ్డి కప్పులో ఎలుక దూరుతుంది, కుక్క దూరదు. మాట మాత్రం పాతదే. జొనాథన్ స్విఫ్ట్ 1738లో అచ్చయిన పుస్తకంలో వాడాడు, అది కూడా పెద్దమనుషుల ఇళ్లలో అరిగిపోయిన మాటలను వెక్కిరించడానికి రాసిన పుస్తకం! అంటే అప్పటికే పాత చింతకాయ పచ్చడన్నమాట. మన కుర్రవాడు దాదాపు మూడొందల ఏళ్లు ఆలస్యంగా వాడాడు, అంతే. ఎందుకు పిల్లులు, ఎందుకు కుక్కలు అన్నది ఎవరూ రుజువుతో చెప్పలేదు.

గ్రానైట్ ఆఫీసు బాబూ, చేపది ఇంకా తమాషా. విలియం కాబెట్ అని ఒక పత్రికాయన ఉండేవాడు. 1807లో తన పత్రికలో, చిన్నప్పుడు కుందేలు వెంటపడ్డ వేటకుక్కలను ఎర్ర చేపతో పక్కదారి పట్టించానని ఒక కథ చెప్పి, అప్పటి ఇంగ్లండు పత్రికలవాళ్లనూ నెపోలియన్ విషయంలో ఎవరో ఇలాగే మోసం చేశారని తిట్టాడు. తప్పుదారి అనే అర్థం ఆ తిట్టులోంచి వ్యాపించింది. వేటగాళ్లు రోజూ అలా చేసేవాళ్లనేదానికి ఆధారం దొరకలేదని నిఘంటువులవాళ్లు అంటున్నారు. కాబట్టి ఆ చేప కథ మనల్ని కూడా పక్కదారి పట్టించిందే.

ఇడియమ్ పుట్టుక గురించి ఎంత ముచ్చటైన కథ విన్నా ముందు అనుమానించండి. అర్థం నేర్చుకోవడానికి ఆ కథ పనికొస్తే వాడుకోండి, పరీక్షలో మాత్రం రాయొద్దు.

దర్శి దివిటీ

సరే మాస్టారూ. కానీ మా క్లాసులో నేనే ఈ కథ చెప్పి క్లాప్స్ కొట్టించుకున్నా. రేపు పోయి చెప్పనా వద్దా?

ఒంగోలు మాస్టారు

చెప్పు. కుక్క ఎట్టెక్కుద్దని పిల్లలనే అడుగు, వాళ్లే చూసుకుంటారు.

కోవూరు కుర్రోడు

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న మీటింగ్‌లో ఒక నోట్‌బుక్ పక్కన పెట్టుకుని విన్నవన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకున్నా. గంటలో పదకొండు దొరికాయి. అన్నీ చిన్న చిన్న మాటలే, నా మూడొందల పుస్తకంలోది ఒక్కటీ లేదు. 'కాల్ ఇట్ ఎ డే' ఉంది, దాన్ని మాత్రం ఎవరూ చెప్పకుండానే పట్టేశా, ఎందుకంటే ఆ మాట అనగానే అందరూ లాగౌట్ అయ్యారు. పనికి ఈపూటకి మంగళం పాడటమే కదా?

'బాల్‌పార్క్' మళ్లీ వచ్చింది. 'అటూ ఇటూగా రెండు వారాలు' అని మనసులో అనుకుని 'అబౌట్ టూ వీక్స్' అన్నా. ఆయన 'పర్ఫెక్ట్' అన్నాడు. అసలు పని నాలుగు రోజులే, అది వేరే విషయం.

ఇప్పుడే ఆయన దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. 'లెట్స్ సర్కిల్ బ్యాక్ టు ది ఐడియా వుయ్ టేబుల్డ్' అని ఉంది. సర్కిల్ బ్యాక్ అంటే ఏందక్కా? గుండ్రంగా తిరిగి రావడమా? మళ్లీ పక్కన పెట్టాడా, ఇంకేమన్నానా? తొందరగా చెప్పండి, ఎనిమిదిన్నరకు మీటింగ్.

కావలి అమ్మాయి, డల్లాస్

పక్కన పెట్టిన నీ ఐడియా దగ్గరికే మళ్లీ వద్దాం అంటున్నాడు తమ్ముడూ! అంటే ఈ రాత్రి నువ్వే చెప్పాలి. ఆ ఇరవై స్లయిడ్లు తీసి పెట్టుకో.

కోవూరు కుర్రోడు

డిలీట్ చేశానక్కా.

పులుసు ముక్క

రీసైకిల్ బిన్ చూడరా అబ్బయ్యా, ఇంకా గంటన్నర ఉంది.